చేప తోక చుక్కాని కాలువ పడవకు నప్పుతుందా?

ప్రశ్న: మా తమ్ముడు ఇంగ్లండులో 17 మీటర్ల న్యారోబోట్‌నే (ఇరుకు కాలువల కోసం చేసిన సన్నని, పొడవైన పడవనే) ఇల్లుగా చేసుకొని కాలువల మీద నివసిస్తున్నాడు. ఆ పడవకు ఇప్పుడున్న చుక్కాని మామూలు చదునైన ఉక్కు పలక. దాని స్థానంలో పడవలు తయారుచేసే ఒకాయన కొత్త రకం చుక్కానిని సూచించారు. దాని అడ్డుకోత చేపలా ఉంటుంది: ముందువైపు గుండ్రంగా, లావుగా మొదలై, వెనక్కి పోయే కొద్దీ సన్నబడి, చివర మళ్లీ తోకలా విచ్చుకుంటుంది. పైన ఒకటి, కింద ఒకటి అడ్డపలకలుంటాయి. అవి ఇరువైపులా 8 సెంటీమీటర్ల చొప్పున బయటికి పొడుచుకొని వస్తాయి. చుక్కాని వైశాల్యంలో నాలుగో వంతు ఇరుసుకు ముందు ఉంటుంది. ఇటూ అటూ 70 డిగ్రీల వరకు తిరుగుతుంది. ఓడల్లో ఇలాంటివి వాడుతున్నారని, దీన్ని బిగిస్తే పడవను తిప్పే బలం రెట్టింపవుతుందని, ముందుభాగంలో బో థ్రస్టర్ (ముందుకొసను పక్కకు తోసే చిన్న ప్రొపెల్లర్) అవసరమే ఉండదని ఆయన చెబుతున్నారు. ఈ మాట నమ్మవచ్చా?
— ఒక పాఠకురాలు

జవాబు: ఓడల్లో ఇలాంటి చుక్కానులు వాడుతున్న మాట నిజమే. మీరు వర్ణించినది షిల్లింగ్ చుక్కాని అనే రకానికి దగ్గరగా ఉంది. కదిలే రెక్కలేవీ లేకుండా ఒకే ముక్కగా ఉండి, చేప తోక ఆకారం వల్లా అడ్డపలకల వల్లా ఎక్కువ పక్కబలాన్ని పుట్టించడం, 70 డిగ్రీలకు పైగా తిరిగి ప్రొపెల్లర్ విసిరే నీటిని దాదాపు పూర్తిగా పక్కకు మళ్లించడం దాని ప్రత్యేకత. రేవుల్లో తరచూ మలుపులు తిరగవలసిన ఓడలకు అది ఎంతో ఉపయోగపడుతుంది. అయితే ఆ ఓడల కింద లోతైన నీరుంటుంది, చుక్కానిని తిప్పడానికి హైడ్రాలిక్ యంత్రముంటుంది. మీ తమ్ముడి పడవ కింద ఉండేది బురద, చుక్కానిని తిప్పేది ఆయన చేయి. కాబట్టి ఈ చుక్కాని మంచిదా కాదా అన్నదానికంటే, అందులోని ఏ భాగం కాలువలో పనికొస్తుంది, ఏ భాగం ప్రమాదం తెస్తుంది అని విడివిడిగా చూడడం మేలు.

ముందుగా బలం సంగతి. ఇంజను ఉన్న కాలువ పడవలో చుక్కాని ముఖ్యంగా పనిచేసేది పడవ వేగం వల్ల కాదు, తన ముందున్న ప్రొపెల్లర్ విసిరే నీటి వల్ల. దీనికి చరిత్రలోనే చక్కని సాక్ష్యం ఉంది. ఇంగ్లండు కాలువల్లో సరుకు రవాణా సాగిన రోజుల్లో ఇంజను ఉన్న పడవ తన వెనుక ఇంజను లేని మరో పడవను లాక్కుపోయేది. ఆ రెండో పడవను బట్టీ అనేవారు. బట్టీకి చెక్కతో చేసిన చాలా పెద్ద చుక్కాని ఉండేది. ముందున్న మోటారు పడవకు చిన్న ఉక్కు పలక సరిపోయేది. రెండూ ఒకే వేగంతో, ఒకే నీటిలో సాగేవి. ఒకదాని చుక్కానికి ప్రొపెల్లర్ నీరు అందుతుంది, రెండోదానికి అందదు. ఆ కొలతల్లోని తేడాకు కారణం అదే.

దీన్ని అంకెల్లో చూద్దాం. ఈ కాలువల్లో వేగ పరిమితి సాధారణంగా గంటకు 4 మైళ్లు, అంటే సుమారు 6.4 కిలోమీటర్లు. పడవ గంటకు 5 కిలోమీటర్ల వేగంతో పోతోందని, 45 సెంటీమీటర్ల వ్యాసమున్న ప్రొపెల్లర్ దాన్ని 60 కిలోల బరువుకు సమానమైన బలంతో తోస్తోందని ఉదాహరణకు అనుకుందాం. ప్రొపెల్లర్‌లోకి వచ్చే నీటి వేగం సెకనుకు సుమారు 1.4 మీటర్లు కాగా, వెనక్కి వెళ్లే నీటి వేగం సెకనుకు 3 మీటర్లు దాటుతుంది. చుక్కాని మీద పడే బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, ఆ ధారలో ఉన్న ప్రతి చదరపు సెంటీమీటరు మీద బయటి నీటిలో కంటే దాదాపు ఐదు రెట్ల బలం పడుతుంది. ధారకు బయట ఉన్న భాగం ఇంచుమించు అలంకారమే. చుక్కానిని ఎంత పొడుగ్గా సాగదీసినా ప్రయోజనం కొద్దిగానే ఉండడానికి కారణం ఇదే.

ఇక రెట్టింపు అన్న మాట. ప్రొపెల్లర్ సెకనుకు విసిరే నీటికి కొంత ద్రవ్యవేగం ఉంటుంది. చుక్కాని చేయగలిగింది ఆ నీటి దిశను మార్చడమే గాని, కొత్త బలాన్ని సృష్టించడం కాదు. పై ఉదాహరణలో ఆ ధార మొత్తం బలం సుమారు 110 కిలోలకు సమానం. ధారంతా 35 డిగ్రీలు మళ్లిందనుకుంటే పక్కబలం 63 కిలోలు. 70 డిగ్రీలు మళ్లితే 103 కిలోలు. అంటే ఒక్క చుక్క కూడా తప్పించుకోని ఆదర్శ స్థితిలో సైతం 70 డిగ్రీల లాభం 60 శాతానికి కొంచెం పైన. నిజానికి మామూలు చదునైన పలక 35 డిగ్రీల దగ్గర నీటినంతటినీ మళ్లించలేదు. వెనుకవైపు ప్రవాహం పలకను వదిలేసి సుడులు తిరుగుతుంది. చేప తోక ఆ విడిపోవడాన్ని ఆలస్యం చేస్తుంది. కాబట్టి ఒక నాసిరకం పలకతో పోల్చి చూపితే రెట్టింపు కనిపించవచ్చు. మంచి పలకతో పోలిస్తే అంత తేడా ఉండదు. పైగా 70 డిగ్రీల దగ్గర ధారలో మూడో వంతు బలమే పడవను ముందుకు తోస్తుంది. ఉన్నచోటనే పడవను తిప్పుకునే వెడల్పైన మలుపు గుంటలో అది వరమే. నడుస్తున్న పడవ మలుపు తీసుకునేటప్పుడు మాత్రం వేగం పడిపోయి, గాలి పడవ ముందుభాగాన్ని పక్కకు తోసేస్తుంది. ఆ ధార గట్టుకు దగ్గరగా నేరుగా తగిలితే మట్టిని కోసేస్తుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. పాత కాలువల అడుగునూ పక్కలనూ నీరు ఇంకకుండా తొక్కిన బంకమట్టే కాపాడుతోంది.

బో థ్రస్టర్‌తో పోలిక అసలు సరైనది కాదు. థ్రస్టర్ ముందుభాగాన్ని పక్కకు తోస్తుంది. చుక్కాని ఎంత బలమైనదైనా వెనుకభాగాన్నే తోస్తుంది. ముందుకు పోతున్న పడవ ముందుకొస నుంచి సుమారు మూడో వంతు పొడవు దగ్గర ఉన్న బిందువు చుట్టూ తిరుగుతుంది కనుక, పడవ వెనుకకొస చాలా దూరం ఊగుతుంది. ఇరుకైన కాలువలో ఎక్కువ బలమున్న చుక్కాని అంటే వెనుకభాగం గట్టుకు కొట్టుకునే అవకాశం ఎక్కువ అని కూడా అర్థం. లోతు తక్కువైనప్పుడు పడవ పక్కకు జరగాలంటే దాని కింద నుంచి నీరు దాటాలి. ఆ సందు చిన్నదైతే పడవ మొండికేస్తుంది. చుక్కాని బలం పెరిగిన మేరకు మలుపు చిన్నదైపోతుందని లోతైన నీటి లెక్కలు చూసి ఆశించడం అందుకే తప్పు.

అడ్డపలకల విషయంలో నా అభిప్రాయం ఇంకా గట్టిది. పలక పై అంచు, కింది అంచు మీదుగా నీరు ఒక వైపు నుంచి మరో వైపుకు జారిపోకుండా ఆపడం వాటి పని. పొట్టిగా, వెడల్పుగా ఉండే చుక్కానికి ఆ జారుడు పెద్ద నష్టమే. అయితే న్యారోబోట్‌లో చుక్కానికి సరిగ్గా పైన పడవ వెనుకభాగపు ఉక్కు రేకు కప్పులా పరచుకొని ఉంటుంది. చుక్కాని పై అంచుకూ ఆ రేకుకూ మధ్య సందు తక్కువగా ఉంటే, పైన అడ్డపలక చేయవలసిన పనిలో చాలా భాగాన్ని ఆ రేకే చేస్తోంది. ఆ సందును రెండు మూడు సెంటీమీటర్లకు తగ్గించడం పై అడ్డపలక కంటే సులువైన పని. అసలు లాభం తెచ్చేది కింది అడ్డపలక. కష్టాలన్నీ కూడా దాని దగ్గరే ఉన్నాయి.

కాలువ అడుగున ఇటుకలు, సైకిళ్లు, తాళ్లు, తీగలు పడి ఉంటాయి. చుక్కాని ఇరుసు కింది కొస పడవ అడుగు నుంచి వెనక్కి సాగిన ఒక ఉక్కు కమ్మీ చివర, గిన్నెలాంటి చిన్న గుంటలో కూర్చొని ఉంటుంది. చుక్కాని కింద ఏదైనా తగిలి పైకి ఎత్తితే ఇరుసు ఆ గుంటలోంచి బయటపడుతుంది. ఇది న్యారోబోట్ నడిపేవారికి బాగా తెలిసిన బెడద. నిలువు పలక అంచు సన్నగా ఉంటుంది కాబట్టి ఎత్తడానికి పెద్దగా పట్టు దొరకదు. ఇరువైపులా 8 సెంటీమీటర్లు పొడుచుకొచ్చిన అడ్డపలక మాత్రం ప్రతి ఇటుకకూ ఒక మెట్టులా దొరుకుతుంది.

దానికంటే తీవ్రమైనది లాకులో, అంటే నీటిమట్టం మార్చి పడవను ఎక్కించే, దింపే గేట్ల గదిలో, ఎదురయ్యే ప్రమాదం. ఇరుకు కాలువల లాకు వెడల్పు సుమారు 7 అడుగులు, పడవ వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. దిగువకు పోయేటప్పుడు లాకులో నీరు తగ్గుతుంటే, ఎగువ గేటు కింద ఉన్న రాతి గడప బయటపడుతుంది. పడవ వెనుకభాగం లేదా చుక్కాని ఆ గడప మీద చిక్కితే, ముందుభాగం నీటితో పాటు దిగిపోతుంటే వెనుకభాగం పైనే వేలాడుతుంది. ఆ విధంగా మునిగిన పడవలు ఉన్నాయి. అందుకే చుక్కాని వెనక్కి ఎంత పొడుచుకొస్తే అంత ప్రమాదం. ఎగువకు పోయేటప్పుడు కూడా పడవ లేస్తుంటే, పక్కకు పొడుచుకొచ్చిన సమతల అంచు గేటు దుంగల కిందో, గోడలో ఊడిన రాయి కిందో ఇరుక్కోవచ్చు. పక్కబలంలో కొద్ది శాతం పెరుగుదల కోసం పడవ కింద ఇలాంటి కొక్కెం తగిలించుకోవడం నాకు ఏ మాత్రం సమ్మతం కాదు.

వెనక్కి నడిపేటప్పుడు జరిగేదాన్ని తయారీదారులు తరచూ చెప్పరు. ముందుకు పోయేటప్పుడు నీటి బలం కేంద్రం పలక ముందు అంచు నుంచి సుమారు నాలుగో వంతు దూరంలో, ఇరుసుకు దగ్గరగా ఉంటుంది. అందుకే చుక్కానిని తిప్పే పిడి తేలికగా తిరుగుతుంది. వెనక్కి పోతున్నప్పుడు నీరు ముందుగా తోకను తాకుతుంది. బల కేంద్రం తోక నుంచి నాలుగో వంతు దూరానికి మారిపోతుంది. అంటే ఇరుసుకు పలక పొడవులో సగం దూరాన ఉంటుంది. చుక్కాని నడిమి నుంచి కొద్దిగా పక్కకు జరిగినా నీరు దాన్ని ఇంకా పక్కకు విసిరేస్తుంది. మామూలు చుక్కానికి 35, 40 డిగ్రీల దగ్గర అడ్డు ఉంటే పిడి అక్కడ ఆగుతుంది. 70 డిగ్రీల వరకు స్వేచ్ఛ ఉన్న చుక్కానిలో ఆ పిడి, నడుపుతున్న మనిషిని పక్కకు ఊడ్చి, తిరుగుతున్న ప్రొపెల్లర్ ఉన్న నీటిలోకే తోసేయగలదు. పాత పద్ధతి పడవల్లో నడిపేవారు చిన్న తలుపు గూటిలో నిలబడతారు. అక్కడ పిడి 70 డిగ్రీలు తిరగడానికి చోటే ఉండదు.

ముందుకు పోయేటప్పుడు కూడా పిడి బరువెక్కుతుంది. తోక విచ్చుకోవడం వల్ల బల కేంద్రం వెనక్కి జరుగుతుంది. 60 కిలోల బలం ఇరుసుకు 10 సెంటీమీటర్ల దూరంలో పడితే 120 సెంటీమీటర్ల పిడి చివర 5 కిలోలు లాగాలి. 90 కిలోల బలం 20 సెంటీమీటర్ల దూరంలో పడితే 15 కిలోలు లాగాలి. రోజంతా చేతితో చేసే పనికి ఇది చిన్న తేడా కాదు. నాలుగో వంతు వైశాల్యం ఇరుసుకు ముందు పెట్టడం ఇందుకే. చదునైన పలకకైతే అది ఎక్కువే అనేవాణ్ణి, ఐదో వంతు చాలు. చేప తోకకు మాత్రం నాలుగో వంతు తప్పు కాదు.

కాబట్టి మీ తమ్ముడికి నా సలహా ఇది. ఇప్పుడున్న చదును పలకనే ఉంచి, దాని వెనుక అంచుకు ఇరువైపులా కోణపు ఉక్కు పట్టీలు బోల్టులతో బిగించి, తోకను మాత్రమే విచ్చుకునేలా చేయమనండి. చేప తోక ఇచ్చే లాభంలో మంచి భాగం దానితోనే వస్తుంది. పై సందును తగ్గించమనండి. కింది అడ్డపలక వద్దే వద్దు. తిరిగే కోణాన్ని 45 డిగ్రీల దగ్గర గట్టి అడ్డుతో ఆపమనండి. బో థ్రస్టర్ నిజంగా అవసరమనిపిస్తే, దాన్ని చుక్కానితో ముడిపెట్టకుండా విడిగా ఆలోచించాలి.

ప్రశ్న: విమానం రెక్కలాంటి అడ్డుకోత ఉన్న చుక్కాని చదునైన పలక కంటే మేలని మా పాఠ్యపుస్తకంలో ఉంది. మరి కాలువ పడవలకు ఇప్పటికీ చదును పలకలే ఎందుకు?
— మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థిని

జవాబు: పాఠ్యపుస్తకంలోని మాట పొడవైన, సన్నని రెక్కకు, నిలకడైన ప్రవాహానికి చక్కగా వర్తిస్తుంది. కాలువ పడవ చుక్కాని ఎత్తు, వెడల్పు ఇంచుమించు సమానం. ఇంత పొట్టి పలకలో పక్కబలంలో పెద్ద భాగం పై అంచు, కింది అంచు మీదుగా చుట్టుకొనే సుడుల నుంచి వస్తుంది. ఆ సుడులు అడ్డుకోత ఆకారాన్ని అంతగా పట్టించుకోవు. అందువల్లనే పొట్టి చదును పలక పెద్ద కోణాల వరకు కూడా ఒక్కసారిగా చతికిలబడదు. పైగా ప్రొపెల్లర్ నుంచి వచ్చే నీరు మెలి తిరుగుతూ వస్తుంది కనుక, ప్రొపెల్లర్ ఇరుసుకు పైన ఉన్న భాగానికీ కింద ఉన్న భాగానికీ ప్రవాహం వేర్వేరు కోణాల్లో తగులుతుంది. ఒకే సొగసైన ఆకారం రెండింటికీ సరిపోదు. ముందు అంచును గుండ్రంగా నునుపు చేయడం మాత్రం ఖర్చు లేని మేలు, అది తప్పక చేయవలసిందే. ఇక ఇటుకకు తగిలి వంగిన చదును పలకను సుత్తితో సరిచేయవచ్చు. లోపల బోలుగా ఉండే రెక్క ఆకారం సొట్టపడితే, అతుకు పగిలి లోపలికి నీరు చేరితే, ఆ పని అంత తేలిక కాదు.

ప్రశ్న: ప్రొపెల్లర్ చుట్టూ రెండు వంపు రేకులు అమర్చి, వాటితోనే పడవను తిప్పడం, ఆపడం, వెనక్కి నడపడం చేసే కిచెన్ చుక్కాని గురించి చదివాను. కాలువలకు అది సరైనది కాదా?
— ఒక పాఠకుడు

జవాబు: చాలా తెలివైన అమరిక. 20వ శతాబ్దపు తొలి దశకాల్లో ఇంగ్లండుకు చెందిన జాన్ కిచెన్ దీన్ని రూపొందించారు. బ్రిటిష్ నౌకాదళపు చిన్న పడవల్లో వాడారు. రేకులు రెండూ కలిసి తిరిగితే పడవ తిరుగుతుంది, వెనుక మూసుకుంటే ధార ముందుకు మళ్లి పడవ వెనక్కి పోతుంది. ఇంజను ఒకే దిశలో తిరుగుతుండగానే ఇదంతా జరుగుతుంది. వెనక్కి పోయేటప్పుడు కూడా పడవ చెప్పిన మాట వినడం దీని గొప్ప లాభం. మామూలు చుక్కానికి ఆ శక్తి దాదాపు లేదు. కాని ప్రొపెల్లర్‌నూ రేకులనూ వేరుచేసే సందు చాలా చిన్నది. ఒక ప్లాస్టిక్ సంచీ, ఒక మూర తాడు చాలు, ప్రొపెల్లర్, రేకులు రెండూ బిగుసుకుపోవడానికి. కాలువ పడవల్లో ప్రొపెల్లర్‌కు చుట్టుకున్న చెత్తను లోపలి నుంచి తీయడానికి ప్రత్యేకంగా ఒక మూత ఉంటుంది. రేకులు అడ్డం వస్తే అందులోంచి చేయి దూరదు. శుభ్రమైన నీటిలో తిరిగే పడవకు సిఫారసు చేస్తాను, కాలువ పడవకు చేయను.

ప్రశ్న: చుక్కాని మార్చిన ప్రతివారూ పడవ అద్భుతంగా తిరుగుతోందనే చెబుతారు. నిజంగా మెరుగైందో లేదో తేల్చుకోవడం ఎలా?
— ఒక పాఠకుడు

జవాబు: మార్పుకు ముందే కొలవడం మొదలుపెట్టాలి. చాలామంది కొత్త చుక్కాని బిగించాక, పాతది ఎలా ఉండేదో జ్ఞాపకం నుంచి చెబుతారు. పోలిక అక్కడే చెడుతుంది. అదే పడవ, అదే చోటు, అదే నీటిమట్టం, గాలి లేని ఉదయం, ఇంజను అవే చుట్లు: ఇవి మారకూడదు. డీజిలు ట్యాంకు, మంచినీటి ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, ఖాళీగా ఉన్నప్పుడు మరోసారి కొలిస్తే పడవ మునక మారిపోయి ఫలితం పనికిరాదు.

ఓడల పరీక్షల్లో జిగ్‌జాగ్ అనే పద్ధతి ఉంది. చుక్కానిని 20 డిగ్రీలు ఒక వైపుకు తిప్పి, పడవ దిశ 20 డిగ్రీలు మారగానే అంతే కోణం రెండో వైపుకు తిప్పుతారు. తిప్పిన తరువాత కూడా పడవ పాత వైపుకు ఇంకా ఎన్ని డిగ్రీలు కొట్టుకుపోయిందో, ఎన్ని సెకన్లకు తిరిగి వచ్చిందో రాసుకుంటారు. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2002లో ఆమోదించిన ప్రమాణాలు ముఖ్యంగా 100 మీటర్లు, అంతకు మించిన పొడవున్న ఓడలకు ఉద్దేశించినవే అయినా, పద్ధతి ఏ పడవకైనా పనికొస్తుంది. వెడల్పైన కాలువ భాగంలో 10 డిగ్రీలతో చేస్తే చాలు. ఫోనులోని దిక్సూచి, ఒక గడియారం, రాసుకోవడానికి ఇంకొక మనిషి సరిపోతారు. మలుపు తిరగడానికి పట్టే చోటు కంటే, మలుపును ఆపడానికి పట్టే సమయమే రోజువారీ నడకలో ఎక్కువ తేడా చూపిస్తుందని నేను భావిస్తాను. నేరుగా పోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు పిడిని సర్దవలసి వస్తోందో లెక్కించడం కూడా ఎంతో చెబుతుంది.

ఆ తరువాత పిడి చివర స్ప్రింగు త్రాసు తగిలించి, మామూలు వేగంలో పూర్తి కోణానికి లాగితే ఎన్ని కిలోలు చూపిస్తోందో చూడండి. ఇంజనును న్యూట్రల్‌లో పెట్టి, ప్రొపెల్లర్ నీరు లేకుండా చుక్కాని ఎంత మాట వింటోందో చూడండి. లాకులోకి జారుకుంటూ పోయేటప్పుడు ఆధారం అదొక్కటే. చివరగా, ఎవరూ లేని చోట, పిడి తిరిగే దారిలో మనిషి నిలబడకుండా, పిడి చివర తాడు కట్టి పట్టుకొని, నెమ్మదిగా వెనక్కి నడిపి, చుక్కానిని నడిమి నుంచి 5 డిగ్రీలు జరపండి. ఆ తాడును ఒక చేత్తో నిలపలేకపోతే, ముందుకు పోయేటప్పుడు ఎంత మంచి ఫలితం వచ్చినా సరే, తోక పట్టీలను తగ్గించి, కోణపు అడ్డును ఇంకా తక్కువ కోణం దగ్గరికి జరిపి, పరీక్షను మళ్లీ మొదటి నుంచి చేయాలి.